వసంతంలో కొండ ఊళ్ళకి కారు ప్రయాణం: ముందు ఎత్తులు రాసుకోండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకూ తెలుస్తుంది. వసంతంలో తొమ్మిది రోజులు, సొంత కారు, మీరు, మీవారు, ఏడేళ్ళ పాప. మొదటి రోజే 2,800 మీటర్ల ఎత్తున ఉన్న ఊరికి వెళ్ళిపోయి, అక్కణ్ణుంచి ఏడు ఊళ్ళు చూసుకుంటూ నెమ్మదిగా కిందికి దిగాలని మీ ఆలోచన. నాలుగు రాత్రులు టెంట్‌లో, మిగతావి గదుల్లో. రోజుకి 200 నుంచి 250 కిలోమీటర్లు, మ్యాప్ అయిదు గంటలని చూపిస్తోంది. ఇది కుదురుతుందా, ఏమేం తీసుకెళ్ళాలి అన్నది ప్రశ్న.

వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి. కొండల్ని చూడడానికి వసంతాన్ని మించిన కాలం లేదని పద్నాలుగేళ్ళుగా తిరుగుతున్న నా నమ్మకం. కానీ మీ ప్లాన్‌ని తలకిందులు చేయాలి. మొదటి రాత్రి కింద, మధ్య రోజుల్లో పైన, చివర్లో మళ్ళీ కింద. కిలోమీటర్ల పట్టీ పక్కన పెట్టి, ప్రతి రాత్రి పడుకునే చోటు సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. ప్రయాణం మొత్తం ఆ అంకెల మీదే నడుస్తుంది. రోడ్డు తెరిచి ఉంటుందా, టెంట్‌లో నిద్ర పడుతుందా, పాపకి తలనొప్పి వస్తుందా, అన్నిటికీ జవాబు అందులోనే ఉంటుంది.

ఎందుకో చెబుతాను. మనం 'వసంతంలో వెళ్తున్నాం' అంటాం. కానీ కొండల్లో వసంతం అన్నిచోట్లకీ ఒకేసారి రాదు, కింది నుంచి పైకి మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. 1918లో ఆండ్రూ హాప్కిన్స్ అనే అమెరికన్ కీటక శాస్త్రవేత్త దీనికి ఒక లెక్క కట్టాడు: ఎత్తు సుమారు 120 మీటర్లు పెరిగితే వసంతం నాలుగు రోజులు ఆలస్యంగా వస్తుంది. ఉత్తర అమెరికాలో గమనించి కట్టిన లెక్క కాబట్టి ప్రతి కొండకీ అచ్చంగా సరిపోదు. అయినా గుర్తుపెట్టుకోవడానికి చాలా మంచి లెక్క. 1,000 మీటర్లు ఎక్కితే సుమారు ఒక నెల వెనక్కి వెళ్ళినట్టు. పొద్దున లోయలో పూల చెట్ల కింద బయల్దేరి, మధ్యాహ్నానికి చలికాలం మధ్యలోకి చేరతారు. దీనికి తోడు ప్రతి 1,000 మీటర్లకీ సగటున 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. కింద రాత్రి 12 డిగ్రీలుంటే 2,000 మీటర్లు పైన సున్నాకి దగ్గరగా ఉంటుందన్నమాట, గాలి సంగతి వేరే.

ఇక రోడ్లు. ఎత్తైన కనుమల మీది రోడ్లు ఎప్పుడు తెరుస్తారన్నది క్యాలెండర్ చెప్పలేదు, ఆ ఏడాది కురిసిన మంచు చెబుతుంది. కాలిఫోర్నియాలో యోసెమిటీ నేషనల్ పార్కు గుండా పోయే టియోగా రోడ్డు 3,000 మీటర్లు దాటుతుంది. అది 2014లో మే 2న తెరుచుకుంది. 2023లో జులై 22 దాకా తెరుచుకోలేదు. ఒకే రోడ్డు, దాదాపు మూడు నెలల తేడా. ఇటలీలో స్టెల్వియో కనుమ 2,757 మీటర్లు, మామూలుగా మే చివరికో జూన్‌కో గాని తీయరు. కాబట్టి 'పోయినేడు ఇదే వారంలో మా స్నేహితులు వెళ్ళొచ్చారు' అన్నది ఏ మాత్రం భరోసా కాదు. మీది ఏ దేశమైనా సరే, ఆ రోడ్డు చూసే శాఖ రోజువారీ సమాచారం ఇస్తుంటుంది. బయల్దేరే ముందు రోజు రాత్రి ఒకసారి, ఆ రోజు పొద్దున ఒకసారి చూడండి. మీ దారిలో 2,000 మీటర్లు దాటే కనుమ ఒక్కటున్నా, అది మూసి ఉంటే ఏ దారిన వెళ్తారో ఇంట్లో ఉండగానే తేల్చుకోండి. ఫోన్‌లో మ్యాప్ ఒక్కోసారి మూసిన కనుమ మీదుగానే దగ్గరి దారి చూపిస్తుంది. సిగ్నల్ లేనిచోట అది నమ్మి గేటు దాకా పోతే, వెనక్కి వచ్చి చుట్టు తిరగడానికి పూట పోతుంది. మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌లో దింపుకోండి, కాగితం మ్యాప్ కూడా ఒకటి కొనండి. అందులో ఎత్తులు చూడడం చాలా తేలిక.

మ్యాప్ చూపించిన ఆ అయిదు గంటల సంగతి చెబుతాను. ఘాట్ రోడ్డులో నా సగటు వేగం గంటకి 30 కిలోమీటర్లు. మంచు కరిగే కాలంలో గుంతలు, మట్టి పనులు, ఒక వైపే వదిలే ట్రాఫిక్ కలిస్తే 25. పిల్లలుంటే గంటకోసారి ఆగాలి, మలుపుల్లో వాంతి వచ్చేది వాళ్ళకే. 250 కిలోమీటర్లంటే తొమ్మిది గంటలు. అంటే చీకట్లో టెంట్ వేయడం. చీకట్లో చోటు ఎంచుకోవడం కన్నా పెద్ద పొరపాటు ఈ ప్రయాణాల్లో లేదు. రోజుకి 120 కిలోమీటర్లు దాటకుండా పెట్టుకోండి. ఏడు ఊళ్ళు నాలుగవుతాయి. ఆ నాలుగు ఊళ్ళూ పాపకి గుర్తుంటాయి.

రోజులో ఏ వేళ ఎక్కడ ఉండాలన్నది కూడా వసంతంలో ముఖ్యం. పగలు కరిగిన నీళ్ళు రోడ్డు మీదికి కారి, రాత్రి గడ్డకట్టి, తెల్లవారేసరికి అద్దంలాంటి పల్చటి పొరగా ఉంటాయి. దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. తడి రోడ్డులా నల్లగా కనపడుతుంది, మంచులా కనపడదు. వంతెనల మీద, ఎండ తగలని మలుపుల్లో ఎక్కువ. కాబట్టి ఎత్తున ఉన్న రోజు పొద్దున్నే అయిదింటికి బయల్దేరాలని తొందరపడకండి. ఎండ రోడ్డు మీద పడనివ్వండి. అలాగని మధ్యాహ్నం దాకా ఆగకూడదు. ఎండకి మెత్తబడ్డ తడి మంచు మధ్యాహ్నమే వాలుల మీంచి జారుతుంది. రాళ్ళు పడేదీ ఈ కాలంలోనే. పగుళ్ళలో నీరు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, కరిగాక పట్టు వదిలేసి రాయి కిందికి వస్తుంది. కనుమ దాటడానికి నేను పెట్టుకునే వేళ తొమ్మిది నుంచి ఒంటిగంట మధ్య. రోడ్డు మీద అప్పుడే పడ్డ చిన్న చిన్న రాళ్ళు కనిపిస్తే ఫోటో కోసం కూడా అక్కడ ఆగకండి. పైన ఇంకా కదులుతోందని అర్థం.

ఇప్పుడు బ్రేకుల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళు ఎక్కడానికి భయపడతారు, దిగడానికి భయపడరు. రెండు టన్నుల కారు 1,000 మీటర్లు ఎక్కాలంటే ఒక్క ఎత్తు కోసమే సుమారు 5.5 యూనిట్ల కరెంటుతో సమానమైన శక్తి కావాలి. దిగేటప్పుడు ఆ శక్తంతా ఎక్కడో ఖర్చవ్వాలి. గాలి కొంత తీసుకుంటుంది, టైర్లు కొంత తీసుకుంటాయి. మిగిలింది మీరు పెడల్ తొక్కుతూనే దిగితే నాలుగు బ్రేకుల్లోకి వేడిగా పోతుంది. 1,000 వాట్ల హీటర్‌ని అయిదున్నర గంటలు వదిలేస్తే వచ్చే వేడిలో పెద్ద భాగాన్ని అరగంటలో ఆ నాలుగు ఇనప పళ్ళాల మీద కుమ్మరించినట్టు.

నాకిది జరిగింది. రెండో ఏడాది ప్రయాణంలో 1,200 మీటర్ల దిగుడు, ముందు ఒక లారీ, దాని వెనకే బ్రేక్ మీద కాలు పెట్టుకుని దిగుతున్నాను. ముందు వాసన వచ్చింది, కాలిన రబ్బరు వాసనకి దగ్గరగా, కొంచెం తియ్యగా. లారీదే అనుకున్నాను. రెండు మలుపుల తర్వాత పెడల్ రోజూ ఆగే చోట ఆగలేదు, మెత్తగా ఇంకా కిందికి పోయింది. చేతులు చల్లబడిపోయాయి. గేరు రెండుకి, ఒకటికి దించి, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ కొండ వైపు వెడల్పు చోట ఆపగలిగాను. చక్రం దగ్గరికి చెయ్యి పెడితే తాకకుండానే సెగ. నలభై నిమిషాలు కూర్చున్నాక పెడల్ మళ్ళీ గట్టిపడింది. తర్వాత మెకానిక్ చెప్పింది ఇదీ: పెడల్ బలాన్ని చక్రాల దాకా మోసే ద్రవం, బ్రేక్ ఫ్లూయిడ్, గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే హద్దు కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక అది 155కి పడిపోవచ్చు. మరిగితే గొట్టాల్లో బుడగలు వస్తాయి, మీరు తొక్కేది బుడగల్ని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు. నా కారులో ఫ్లూయిడ్ మార్చి నాలుగేళ్ళయింది. రెండేళ్ళకోసారి మార్చాలి.

కాబట్టి బయల్దేరే ముందు వారం బ్రేక్ ఫ్లూయిడ్, ప్యాడ్లు చూపించండి. దిగేటప్పుడు, ఆ వాలు ఎక్కడానికి ఏ గేరు కావాలో అదే గేరులో దిగండి, ఇంజిన్ కారుని పట్టుకుంటుంది. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లోనో, 'ఎల్' అని రాసి ఉండే తక్కువ గేరులోనో పెట్టండి. బ్రేక్‌ని కాలు ఆనించి ఉంచకుండా, ఒకసారి గట్టిగా నొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయండి. న్యూట్రల్‌లో దిగడం, ఇంజిన్ ఆపి దిగడం ఎంత మంది చెప్పినా చేయొద్దు. న్యూట్రల్‌లో ఇంజిన్ కారుని పట్టుకోదు, ఇంజిన్ ఆపితే బ్రేక్‌కి, స్టీరింగ్‌కి ఉండే సాయం పోతుంది. వేడెక్కిన బ్రేకుల మీద నీళ్ళు పోయకండి, పళ్ళెం వంకర పోతుంది. మీది ఎలక్ట్రిక్ కారయితే పైన ఊళ్ళో బ్యాటరీ నిండా ఛార్జ్ చేయకండి. నిండిన బ్యాటరీ దిగేటప్పుడు వచ్చే కరెంటుని తీసుకోలేదు, ఆ పని మళ్ళీ మామూలు బ్రేకుల మీదే పడుతుంది. ఎక్కేటప్పుడు మాత్రం, టర్బో లేని ఇంజిన్ ప్రతి 1,000 మీటర్లకీ సుమారు 10 శాతం బలం కోల్పోతుంది. కారు బరువుగా ఎక్కుతోందని టెన్షన్ పడకండి, ముందే గేరు దించుకోండి. ఇరుకు దారిలో ఎదురుపడితే చాలాచోట్ల ఎక్కే బండికే దారి ఇస్తారు. టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూడండి, ప్రతి 5, 6 డిగ్రీల చలికి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది.

టెంట్ వేసే చోటు ఎంపిక మీదే రాత్రి ఎలా గడుస్తుందన్నది ఆధారపడి ఉంటుంది. చాలామందిలాగే నేనూ మొదట్లో అందమైన చోటు చూసి వేసేవాణ్ణి. లోయ అడుగున పచ్చిక, పక్కనే వాగు, ఎదురుగా మంచు శిఖరం. ఒక రాత్రి అలాంటి చోట తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది. ముఖం మీద ఏదో చుక్క పడింది. టార్చి వేసి చూస్తే టెంట్ లోపలి గుడ్డ నిండా మా ఊపిరి తడి, పైన అది సన్నని మంచు పలుకులుగా గడ్డకట్టి ఉంది, ఎవరైనా పక్కకి ఒత్తిగిల్లితే రాలుతోంది. జిప్పు తీయబోతే పళ్ళ మధ్య మంచు పట్టి కదల్లేదు, వేళ్ళతో రుద్ది కరిగించాల్సి వచ్చింది. తలదగ్గర పెట్టుకున్న నీళ్ళ సీసాలో పైన గడ్డ. తెల్లారాక చూస్తే, మాకన్నా నలభై మీటర్లు పైన వాలు మీది చదునులో ఇంకో కుటుంబం టెంట్ ఉంది. వాళ్ళ టెంట్ పొడిగా ఉంది. మేం ఉన్న పచ్చికంతా తెల్లగా ఉంది. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి నీళ్ళలాగే కిందికి పారి, లోయ అడుగున నిలబడిపోతుంది. అప్పటినుంచి నేను లోయ అడుగుకి ముప్ఫై, నలభై మీటర్లయినా పైన, పొద్దుటి ఎండ ముందుగా తగిలే తూర్పు ముఖం చూసి వేస్తాను. ఎండ గంట ముందు తగిలితే టెంట్ ఆరుతుంది, పాప చలికి ఏడవకుండా లేస్తుంది.

వాగు పక్కన వద్దనడానికి ఇంకో కారణం ఉంది. మంచు కరిగే కాలంలో వాగు రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువ. ఎండకి కరిగిన నీళ్ళు కిందికి చేరేసరికి సాయంత్రం అవుతుంది, మంచు దూరంగా ఉంటే రాత్రి కూడా కావచ్చు. మీరు నాలుగింటికి చూసిన ఒడ్డు ఎనిమిదింటికి అక్కడ ఉండకపోవచ్చు. నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది: చేరగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చుతాను. అన్నం తిని వచ్చి చూస్తాను. ఒకసారి ఆ పుల్ల నీళ్ళలో జానెడు లోపలికి పోయి ఉంది. వాగులో చప్పుడు కూడా మారింది, గలగల పోయి లోపల రాళ్ళు దొర్లుతున్న బరువైన చప్పుడు. అప్పటికప్పుడు టెంట్ పీకి పైకి మార్చాం. పాపకి ఈ పుల్ల పని అప్పగించండి, పిల్లలు చాలా శ్రద్ధగా చూస్తారు. రోడ్డుకి అడ్డంగా నీళ్ళు పారుతుంటే కారుతో దాటే సాహసం చేయకండి. 30 సెంటీమీటర్ల పారే నీరు చిన్న కారుని కదిలించగలదు, 60 సెంటీమీటర్లు చాలా వాహనాల్ని తీసుకుపోగలదు. పొద్దున దాకా ఆగితే అదే వాగు తగ్గవచ్చు.

చోటు ఖాయం చేసే ముందు తలెత్తి పైకి చూడండి. మంచు బరువుకి విరిగి కొమ్మల్లో వేలాడే కొమ్మలు వసంతంలో ఎక్కువ. వాలు మీద ఒకే వైపు వంగిన, విరిగిన చెట్ల బాట కనిపిస్తే అది మంచు చరియలు విరిగి జారే దారి, దాని కింద పడుకోకండి.

పడక సామాను విషయంలో చాలామంది స్లీపింగ్ బ్యాగ్ మీద డబ్బంతా పెట్టి, కింద వేసే మ్యాట్‌ని పట్టించుకోరు. మంచు కరిగిన నేల నీళ్ళు పట్టి చల్లగా ఉంటుంది, వేడిని కింది నుంచి లాగేస్తుంది. వేడి నేలలోకి పోకుండా మ్యాట్ ఎంత ఆపుతుందో చెప్పే ఆర్-వాల్యూ అనే అంకె దాని మీద ఉంటుంది. ఈ కాలానికి 4కి తగ్గకుండా చూడండి. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ అంకెలు కలుస్తాయి, కాబట్టి పాత ఫోమ్ మ్యాట్ ఉంటే పారేయకండి. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. మీరు చూడాల్సింది 'కంఫర్ట్' అన్నది. 'లిమిట్' అంటే ముడుచుకుని ఎలాగో రాత్రి గడపగలిగే హద్దు. 'ఎక్స్‌ట్రీమ్' అన్న అంకెని కొనేటప్పుడు చూడనే వద్దు, అది ప్రాణం నిలబడే హద్దు. మీరు రాసుకున్న ఎత్తుల్లో టెంట్ వేసే అన్నిటికన్నా పై చోటు చూసి, అక్కడి రాత్రి చలికన్నా అయిదు డిగ్రీలు తక్కువకి పనికొచ్చే కంఫర్ట్ అంకె ఉన్నది తీసుకోండి. టెంట్‌కి పైన గాలి కంతలు తెరిచే ఉంచండి. చలేస్తుందని మూస్తే ఊపిరి తడంతా మీ మీదే కారుతుంది.

వంటకి చిన్న గ్యాస్ స్టవ్ తీసుకెళ్తారు కదా. డబ్బా మీద ఏ గ్యాసో చదవండి. మామూలు బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, చలి పొద్దున స్టవ్ వెలగదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినది కావాలి. ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. 3,000 మీటర్ల దగ్గర నీళ్ళు 90 డిగ్రీలకే మరుగుతాయి, అందుకని ఏదైనా ఉడకడానికి ఎక్కువ సేపు పడుతుంది, గ్యాస్ ఆ లెక్కన తీసుకెళ్ళండి.

ఈ ఒక్క మాట మాత్రం చేతులు పట్టుకుని చెబుతున్నాననుకోండి. టెంట్ లోపల స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగించకండి, వెచ్చదనం కోసమని రెండు నిమిషాలు కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలో తెలియదు. చుట్టూ మంచు ఉన్నప్పుడు కారు ఇంజిన్ ఆన్ చేసి హీటర్ పెట్టుకుని పడుకోవడం కూడా ఇదే ప్రమాదం, పొగ గొట్టం మంచుతో మూసుకుపోతే పొగ లోపలికే వస్తుంది. వెచ్చదనానికి వేడినీళ్ళ సీసాని మేజోడులో పెట్టి పాప పడక లోపల కాళ్ళ దగ్గర ఉంచండి, చాలాసేపు పనిచేస్తుంది.

పాప గురించి, ఎత్తు గురించి. 2,500 మీటర్లు దాటిన దగ్గర్నుంచి ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు, వయసుకీ బలానికీ సంబంధం లేదు. 3,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉన్నదానిలో 70 శాతమే. కింద నుంచి ఒక్క రోజులో 2,800కి పోయి పడుకోవాలన్న మీ మొదటి రోజు నాకు నచ్చనిది ఇందుకే. పగలు కొంత ఎక్కువ ఎత్తుకి పోయొచ్చినా ఫరవాలేదు, పడుకునే ఎత్తు నెమ్మదిగా పెంచాలి. 3,000 దాటాక రాత్రికి రాత్రికి 500 మీటర్ల కన్నా ఎక్కువ పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలని ఎత్తు జబ్బు చూసే వైద్యులు చెబుతారు. పెద్దవాళ్ళు తల నొస్తోందని చెబుతారు. పిల్లలు చెప్పలేరు. ఊరికే చిరాకు పడడం, ఇష్టమైనది పెట్టినా తినకపోవడం, ఆడుకోకుండా ఒళ్ళో పడుకోవడం, వాంతి, ఇవి చూడండి. కారు మలుపుల వాంతి అయితే ఆగిన గంట రెండు గంటల్లో తగ్గుతుంది. తగ్గకపోతే ఎత్తు వల్లే అనుకుని ఇక పైకి ఎక్కకండి. నడకలో తూలడం, మాట తడబడడం, ఊరికే కూర్చున్నా ఆయాసం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే దిగిపోవాలి. 300 నుంచి 1,000 మీటర్లు దిగితే చాలావరకు తేలికపడుతుంది. అయినా డాక్టరుకి చూపించండి. అందుకే ఎత్తున పడుకునే రాత్రి, కారు బయటికి తీసే దారికి ఎవరి బండీ అడ్డం లేకుండా, ముందు భాగం రోడ్డు వైపు పెట్టి ఆపండి.

కొండ ఊళ్ళ గురించి ఒక సంగతి ముందే తెలిస్తే నిరాశ ఉండదు. చలికాలం మంచు ఆటల సీజన్ అయిపోయి, వేసవి జనం ఇంకా రాని మధ్య కాలం ఇది. చాలా బసలు, భోజనశాలలు ఈ వారాల్లోనే మూసి మరమ్మతులు చేసుకుంటాయి. క్యాంప్‌సైట్లు తెరిచినా కొన్నిచోట్ల నీళ్ళ కుళాయిలు వదలరు, గొట్టాల్లో నీరు గడ్డకడుతుందని. వెబ్‌సైట్‌లో 'ఓపెన్' అని ఉన్నా ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: నీళ్ళు వస్తున్నాయా, టాయిలెట్లు తెరిచారా, కారు టెంట్ దాకా వస్తుందా లేక మట్టిలో కూరుకుపోతుందా. పెట్రోలు సగానికి రాగానే నింపండి. ఇంకో పక్క, ఊళ్ళు ఇంత ఖాళీగా, అక్కడివాళ్ళు ఇంత తీరిగ్గా దొరికే కాలం మరొకటి ఉండదు. పది నిమిషాలు నిలబడి మాట్లాడితే, ఏ రోడ్డు నిన్న తెరిచారో, ఏ వాగు పొంగుతోందో మ్యాప్ కన్నా ముందు వాళ్ళే చెబుతారు. రెండు రాత్రులు టెంట్, ఒక రాత్రి ఊరు అన్న వరస నాకు బాగా కుదిరింది. గదిలో టెంట్, స్లీపింగ్ బ్యాగులు పూర్తిగా ఆరబెట్టుకోవచ్చు.

మిగతావి చిన్నవి. నల్ల కళ్ళద్దాలు పాపకి కూడా తీసుకోండి. ప్రతి 1,000 మీటర్లకీ అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి, తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి ముఖం మీదికే కొడుతుంది. కింది గడ్డి ప్రాంతాల్లో వసంతంలో ఒంటికి పట్టి రక్తం పీల్చే పిడుజులు ఉంటాయి, సాయంత్రం పాప చెవుల వెనక, మోకాళ్ళ మడతల్లో చూడండి. ఎలుగుబంట్లు నిద్ర లేచి ఆకలితో తిరిగే కాలమిది. అవి ఉండే చోట తిండి, పేస్టు, సబ్బు ఏవీ టెంట్‌లో పెట్టకండి. కారులో పెట్టడం కూడా అన్నిచోట్లా కుదరదు, యోసెమిటీలో రాత్రిపూట కారులో తిండి ఉంచడం నిషేధం, అక్కడి ఎలుగులు తలుపులు పీకేస్తాయి. ఇనప పెట్టెలుంటే వాటిలో పెట్టండి. టాయిలెట్ లేని చోట నీటికి 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల గొయ్యి తీసి పూడ్చండి. కరిగే మంచు నీళ్ళు కింది ఊళ్ళకి తాగునీరు.

మీ తొమ్మిది రోజులు నేనైతే ఇలా పెడతాను. మొదటి రాత్రి 1,000 మీటర్ల లోపు ఊళ్ళో, గదిలో. రెండు, మూడు రాత్రులు 1,200 నుంచి 1,500 మధ్య టెంట్, ఒకే చోట. సామానులో ఏది సరిపోలేదో అక్కడే తెలిసిపోతుంది, కొనుక్కోవడానికి ఊరు దగ్గర్లో ఉంటుంది. నాలుగో రాత్రి 2,000 దగ్గర ఊళ్ళో గది. అయిదో రాత్రి 2,300 దగ్గర. ఆరో రోజు తీరిగ్గా మీరు అనుకున్న 2,800 ఊరికి, వాతావరణం బాగుంటేనే, రాత్రికి గదిలోనే. ఏడు, ఎనిమిది రాత్రులు కింద 1,500 దగ్గర టెంట్. అప్పటికి మీకు చెయ్యి తిరిగి ఉంటుంది, పైన చలికాలం చూసొచ్చాక కింద పూల మధ్య ఆ రెండు రోజులు చాలా బాగుంటాయి. తొమ్మిదో రోజు ఇల్లు. మధ్యలో ఒక రోజు వానకో మూసిన రోడ్డుకో పోతే, ఆరో రోజుని వదిలేయండి, మిగతా ప్రయాణం చెడదు.

మీరు ఎంచుకున్న ఊళ్ళ ఎత్తులు, టెంట్ చోట్ల ఎత్తులు వరసగా రాసి ఇక్కడే పెట్టండి. మీ స్లీపింగ్ బ్యాగ్ మీది కంఫర్ట్ అంకె, కారు బ్రేక్ ఫ్లూయిడ్ చివరిసారి ఎప్పుడు మార్చారో కూడా రాయండి. చూసి ఏ రాత్రి ఎక్కడికి మార్చాలో చెబుతాను.